ఎవరి ఉప్పు, ఎవరి పాట?

మా ఆడపడుచు కొడుకు మెడికల్ రిప్రజెంటేటివ్. జీతమిచ్చేది ఓ ఏజెన్సీ, సంచీలో మోసే మందులు వేరే కంపెనీవి. ఏడాది కాంట్రాక్టు. ఎవరి ఉప్పు తింటే వారి పాట పాడాలంటారు. వీడు తినే ఉప్పు ఒకరిది, పాడే పాట ఇంకొకరిది!

అసలు సుఖమే లేదనను. బియస్సీ అయ్యాక మూడేళ్ళు ఖాళీగా కూర్చున్నవాడికి టై కట్టించింది ఈ ఉద్యోగమే. ఈ కంపెనీ వద్దంటే మరో కంపెనీ. పరిచయమైన డాక్టర్లు ఎక్కడికీ పోరుగా! కానీ ఫిబ్రవరి వచ్చిందంటే మా వదిన మొక్కులు మొదలు. టార్గెట్ పూర్తయితేనే మళ్ళీ ఏడాది. వీళ్ళకు నియామక పత్రమూ, సెలవులూ ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. ఏడాదికోసారి తెగే ఉద్యోగానికి సెలవులెందుకు, పాపం!

మొన్న భోజనాలయ్యాక నా బీపీ మాత్రల చీటీ చూపించాను.

"అత్తయ్యా, ఇదే మందు జన ఔషధి షాపులో చవగ్గా దొరుకుతుంది. డాక్టరుగారినడిగి మార్చుకోండి" అన్నాడు మెల్లగా.

చీటీలో ఉన్నది వాడు అమ్మే మందే!

మర్నాడు దాన్నే డాక్టర్ల దగ్గర పొగిడి వచ్చాడు. "రెండు నాలుకలు" అన్నారు మావారు. నాకలా అనబుద్ధి కాలేదు. వాడు అబద్ధమాడడు, అది మంచి మందే. ధర సంగతి వాళ్ళడగరు, వీడు చెప్పడు. పర్మనెంటు ఉద్యోగి అయితే మాత్రం చెబుతాడా? ఏమో. చెబితే అతనికి పోయేది ఇంక్రిమెంటు, వీడికి అన్నం.

అయినా ఒకటి మనసులో మెదులుతూనే ఉంది. నేను అత్తయ్యను కనుక నాకు తెలిసింది. ఆసుపత్రి బెంచీ మీద నా పక్కన కూర్చున్నావిడకు మేనల్లుడెవరు?

మాత్రలు మార్చుకున్నాను. వాడి టార్గెట్లో నెలకు మూడు స్ట్రిప్పులు తగ్గించిన పాపం నాదే.