శ్రమ ఎవరిది, సరదా ఎవరిది?

మనిషి చేసే పనిని మనిషికన్న బాగా యంత్రం చెయ్యగలిగినప్పుడు, ఆ పనిని ఇంకా మనిషి చెయ్యటంలో అర్థమున్నదా? ఈ ప్రశ్న కొత్తది కాదు. మరమగ్గం వచ్చిన నాటినుంచీ ఉన్నది. అయితే మా డోర్నకల్ విద్యార్థులు ఈ మధ్య దీన్ని ఒక విచిత్రమైన రూపంలో చర్చిస్తున్నారు: కోట్ల రూపాయల స్పోర్ట్స్ కార్లలో గేరును చేత్తో మార్చటం గొప్పా, స్టీరింగు వెనకనున్న మీట నొక్కి మార్చటం గొప్పా? అటువంటి కారును ఈ ఊళ్లో నేను చూడలేదు. అంతమాత్రాన చర్చను వెక్కిరించనవసరం లేదు. అందులో శ్రమను గురించిన పెద్ద ప్రశ్న దాగి ఉన్నది.

ముందు విషయం తెలుసుకుందాం. పాత పద్ధతిలో డ్రైవరు ఎడమకాలితో క్లచ్ తొక్కి, ఇంజనును చక్రాలనుంచి విడదీసి, చేత్తో గేరురాడ్డు జరిపి, మళ్లీ క్లచ్ వదులుతాడు. చెవి ఇంజను చప్పుడు మీద ఉండాలి. రెండు క్లచ్‌ల గేరుబాక్సులో ఒక క్లచ్ 1, 3, 5 వంటి బేసి గేర్లనూ, రెండోది 2, 4, 6 వంటి సరి గేర్లనూ చూసుకుంటుంది. కారు మూడో గేరులో పోతూండగానే నాలుగోది సిద్ధంగా పడి ఉంటుంది. ఒక క్లచ్ వదులుతూండగా రెండోది పట్టుకుంటుంది. చక్రాలకు అందే శక్తి తెగదు. ఇదంతా కంప్యూటరు చేస్తుంది. డ్రైవరు నొక్కే మీట దానికి ఒక సంకేతం మాత్రమే. ఆ సంకేతాన్ని పాటిస్తే ఇంజను మితిమీరి తిరిగి చెడేటట్లుంటే కంప్యూటరు దాన్ని పాటించదు.

2021లో వచ్చిన పోర్షె 911 జీటీ3 కదలకుండా ఉన్నచోటినుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవటానికి, కంపెనీ లెక్కప్రకారం, రెండు క్లచ్‌లతో 3.4 సెకన్లు, చేతి గేరుతో 3.9 సెకన్లు పడుతుంది. వేగమే కొలబద్ద అయితే వాదం ముగిసినట్టే. ఈ కంపెనీ 2013లో ఆ రకం కారును రెండు క్లచ్‌లతో మాత్రమే అమ్మింది కూడా. అభిమానులు ఒప్పుకోలేదు. 2016లో 911 ఆర్ అనే కార్లు 991 మాత్రమే, చేతి గేరుతో మాత్రమే తయారుచేసింది. అవి చేతులు మారేటప్పటికి అసలు ధరను ఎంతో మించిపోయినై. 2017లో జీటీ3కి కూడా చేతి గేరు తిరిగివచ్చింది.

అంటే ఎక్కువ కష్టపెట్టి తక్కువ వేగమిచ్చేదానికోసం ధనికుడు ఎక్కువ డబ్బిచ్చాడన్నమాట. దీన్ని డబ్బున్నవాడి తిక్క అని కొట్టిపారెయ్యటం తేలిక. నేనట్లా అనను. చెయ్యీ, చెవీ, బుద్ధీ ఒకే పనిలో కలిసినప్పుడు మనిషికి కలిగే తృప్తి నిజమైనది. తప్పు చెయ్యటానికి వీలున్నచోటనే ఒప్పు చేసిన సంతోషమూ ఉంటుంది. కంప్యూటరు తప్పును అడ్డుకున్నకొద్దీ ఆ ఒప్పులో మన వాటా తగ్గిపోతుంది.

అయితే ఇంతటితో ఆగి, మానవత్వమంతా చేతిపనిలోనే ఉన్నదనీ, యంత్రం దాన్ని హరిస్తున్నదనీ అనేవాళ్లతో నాకు పేచీ ఉన్నది. నగరపు రద్దీలో పొద్దస్తమానం క్లచ్ తొక్కే సిటీ బస్సు డ్రైవరును అడగండి. అదే కాలు, అదే చెయ్యి, అదే కదలిక. అతనికి అది మోకాలినొప్పి. తేడా గేరురాడ్డులో లేదు. ఒకడు ఇష్టమైనప్పుడు మొదలుపెట్టి విసుగుపుట్టినప్పుడు ఆపుతాడు. రెండోవాడు పొట్టకోసం చేస్తాడు. తప్పు చేసే స్వేచ్ఛ సంగతీ అంతే. ఇంజను చెడితే మరొకటి కొనగలవాడికి అది స్వేచ్ఛ. సంజాయిషీ రాసుకోవలసినవాడికి అది భయం.

రోడ్డు విడిచి రైలు సంగతి చూసినా ఇదే తేలుతుంది. సింగరేణి బొగ్గు డోర్నకల్ జంక్షన్ మీదుగా తరలిన రోజుల్లో రైళ్లను లాగింది కూడా బొగ్గే. ఆవిరి ఇంజను అందాన్ని వర్ణించేవాళ్లు సాధారణంగా ప్లాట్‌ఫారం మీద నిలబడినవాళ్లు. లోపల ఫైర్‌మన్ పారతో బొగ్గు ఎత్తి మంటలో వేస్తూ ఉండేవాడు. అదీ నైపుణ్యమే: మంట ఎక్కడ పలచబడ్డదో చూసి అక్కడే వెయ్యాలి. అయినా ఆ పార పోయినందుకు శ్రామికుడు విచారించవలసిన పని లేదు. డీజిలూ, విద్యుత్తూ ఆ సెగనుంచి మనిషిని తప్పించినై. ఇది నిస్సందేహంగా ప్రగతి.

కాని ప్రగతి దానంతటదే విముక్తి కాదు. పార పోయింది, మరి నిద్ర దొరికిందా? 2024 జూన్‌లో దక్షిణ రైల్వే లోకోపైలట్లు వారానికి 46 గంటల విశ్రాంతి కావాలని ఆందోళన చెయ్యవలసి వచ్చింది. 2019లో హైదరాబాదునుంచి శంషాబాదు విమానాశ్రయానికి 40 ఎలక్ట్రిక్ బస్సులు తిరగసాగినై. వాటిలో తొక్కటానికి క్లచ్ లేదు, మార్చటానికి గేరు లేదు. డ్రైవరు కాలికి సుఖమే. అయితే ఆ బస్సులు ఆర్టీసీ సొంతం కావు, కిలోమీటరు లెక్కన అద్దెకు తీసుకున్నవి. వాటి డ్రైవరు ఆర్టీసీ ఉద్యోగి కాడు. కాలినొప్పి పోతూ పోతూ ఉద్యోగ భద్రతను వెంట తీసుకుపోయింది. అదే సంవత్సరం అక్టోబరు 5న మొదలై 50 రోజులు దాటిన ఆర్టీసీ కార్మికుల సమ్మెలో, సంస్థను ప్రభుత్వంలో విలీనం చెయ్యాలన్న కోరిక ముందు నిలవటం యాదృచ్ఛికం కాదు.

మార్క్స్ 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో, యంత్రాలను గురించిన అధ్యాయాన్ని మిల్ వెలిబుచ్చిన ఒక సందేహంతో ప్రారంభించాడు: యంత్రాలు ఇంతవరకు ఎవరి చాకిరీనైనా తగ్గించినయ్యా అని. మన విద్యార్థులు వెయ్యవలసిన ప్రశ్న ఇదే. చెయ్యి గొప్పా, యంత్రం గొప్పా అన్నది కాదు. యంత్రం మిగిల్చిన శ్రమ ఎవరి ఖాతాలో జమ అవుతున్నది?

విధిలేక చేసే చాకిరీని యంత్రానికి అప్పగించవలసిందే. అందువల్ల మిగిలిన కాలం ఆ చాకిరీ చేసినవాడికే చెందాలి. ఆ కాలంలో అతను బండి గేరు చేత్తో మార్చుకుంటాడో, డోలక్ వాయిస్తాడో, ఒళ్లు మరిచి నిద్రపోతాడో అతని ఇష్టం. చేతి నైపుణ్యంలో ఉన్న ఆనందం 991 మంది కొనుక్కున్నంత మాత్రాన వారి సొత్తు కాదు. దాన్ని అందరికీ అందకుండా చేస్తున్నది యంత్రం కాదు, యంత్రానికి యజమాని అయినవాడు. మన పోరాటం అతనితో.