మూలపడ్డ బండికి కొత్త ఊపిరి

1961లో మైసూరులో జావా మోటారు సైకిళ్ల తయారీ మొదలైంది. తర్వాత ఎజ్డీ పేరుతో అవే మన రోడ్లను ఏలాయి. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. బండ్లు మాత్రం ఇంకా పెరళ్లలో, పాత పట్టాల కింద మిగిలే ఉన్నాయి.

అలాంటి బండి కార్బురేటర్ విప్పి చూడండి. ఎండిపోయిన పెట్రోలు జిగురై, సూది మొనంత జెట్ రంధ్రం పూడిపోయి ఉంటుంది. దాన్ని కడగాలి, పాయింట్లు శుభ్రం చేయాలి, ట్యాంకులో తుప్పు వదిలించాలి, పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి. కిక్కుకూ గేరుకూ ఒకటే రాడ్డున్న బండి అది. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు. అది అంటుకుని డుగ్‌డుగ్‌మన్న క్షణాన పడ్డ శ్రమంతా మరిచిపోతాం.

అయితే బోరు చేయించి కొత్త పిస్టన్ వేశాక వెంటనే దౌడు తీయించకూడదు. రింగులు సిలిండరుతో సర్దుకునేదాకా నిదానంగా తోలాలి. ఆ నిదానంలోనే కాలువగట్టు చల్లగాలి, దారిన పోయేవారి పలకరింపు మనకు దక్కుతాయి.

మీ ఇంట్లోనూ మూలపడ్డ వస్తువేదో ఉండే ఉంటుంది. పాత ఇనుముకు వేసేముందు, ఈ ఆదివారం ఒక్కసారి విప్పి చూడండి.