చిన్న తోటలో విశాలత

విశాలత నేలకు గల గుణమా, చూచువాని మనస్సునకు గల గుణమా? ఈ ప్రశ్నను తత్త్వవేత్తలకు మాత్రమే విడువరాదు. కోయంబత్తూరులోను మధురలోను తరతరములుగా కాపురమున్న మన కుటుంబములకు ఇది నిత్యజీవిత సమస్యయే. తాతల నాటి దొడ్లు పంపకములలో చీలినవి. ఇంటి వెనుక రెండు సెంట్ల నేల, అనగా సుమారు 870 చదరపుటడుగులు, మిగిలినవారే భాగ్యవంతులు. ఆ కొంచెపు నేలను విశాలముగా తోపింపజేయుట సాధ్యమా? సాధ్యమైనచో అది కన్నులను మోసపుచ్చుట కాదా?

మొదట సాధ్యమగు తెఱగును విచారింతము. మనలో పలువురు తాతగారి తోటలోని ప్రతి చెట్టును ఆ రెండు సెంట్లలో తిరిగి నిలుపగోరుదురు. మామిడి, కొబ్బరి, నిమ్మ, అరటి, మందారము అన్నియు ఒండొంటిని ఒరసికొని పెరుగును, వెలుతురు సన్నగిల్లును, తోట కొట్టుగదివలె తోచును. నేర్పరులు అట్లు చేయరు. నడుమ కొంత బయలు విడుతురు. బాటను గుమ్మము నుండి గోడకు తిన్నగా వేయక, మూల నుండి మూలకు నడిపి, దానిమ్మ పొద చాటున మలుపుదురు. పెద్ద ఆకులు, ఎఱ్ఱని పూవులు గల మొక్కలను దగ్గరగాను, సన్నని ఆకులు, లేతవన్నె పూవులు గలవానిని దూరముగాను నాటుదురు. దూరపు వస్తువులు చిన్నవై, వన్నె తగ్గి కనుపట్టుట ప్రకృతి ధర్మము గదా! ఒక రాతి తొట్టిలో నీరు నింపినచో ఆకాశము కొంత తోటలోనికి దిగివచ్చును.

బయలునకు గల శక్తిని మధుర వాసులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. తిరుమల నాయకుడు 1645లో త్రవ్వించిన వండియూరు తెప్పకుళము నడుమ ఒక మండపమును, దాని చుట్టు చిన్న తోటయు కలవు. నీరు నిండిన నాడు ఆ నీటి బయలే వానికి ఘనతను కల్పించును. జపాను దేశమున క్యోటో నగరమందలి ర్యోఆంజి తోటలో 15 రాళ్ళు కలవు. వసారాలో ఎచ్చట కూర్చుండి చూచినను ఒకటైనను కనుమఱుగుననే యుండును. చూడవలసినది మిగిలియున్నంత వఱకు తోట ముగియదు.

ఇది మోసమా? కాదని మా తలంపు. బాట మలుపు “ఇంకను కలదు, రండు” అని పిలుచును; నడచినవానికి నిజముగనే ఒక నీడయు, ఒక తిన్నెయు లభించును. గోడకు అద్దము బిగించి లేని తోటను చూపుట వేఱు మాట. ఆ పిలుపు నమ్మిన పిట్ట అద్దమునకు కొట్టుకొని గాయపడును. వచ్చినవానికి ఏమి దొరకునన్నదే ఈ రెండింటికిని గల భేదము.

ఇంతకంటె లోతైన ప్రశ్న యొకటి కలదు. దూరపు కొండను, పొరుగు చెట్టును తోటలో భాగముగ చూపుటను జపానీయులు “అరువు దృశ్యము” అందురు. కోయంబత్తూరు దొడ్డి నుండి కనుపించు మరుదమల గాని, మధుర మేడపై నుండి కనుపించు మీనాక్షి గోపురము గాని మన పట్టాలో లేదు. అయినను మన తోటలో ఉన్నది. గోడను మిక్కిలి ఎత్తినచో నేల తగ్గదు గాని తోట తగ్గిపోవును. అయితే అరువు తెచ్చుకొన్నవాడు ఋణపడియుండును. మన మల్లెపందిరి పొరుగువారి కిటికీకి పరిమళము నిచ్చుచున్నదా, లేక మన గోడ వారి వెలుతురును హరించుచున్నదా?

తమిళ నేలపై శతాబ్దములుగా తెలుగు మాటలాడుచున్న మనకు ఈ ఋణము క్రొత్తది కాదు. శ్రీకృష్ణదేవరాయలు తెలుగున ఆముక్తమాల్యదను రచించుచు, శ్రీవిల్లిపుత్తూరులో పూదోట పెంచిన విష్ణుచిత్తుని కథను గైకొనెను. తమిళ సీమలోని ఆ తోట తెలుగు సాహిత్యమును విశాలము చేసినది. మన ఇండ్లలో తెలుగునకు మిగిలిన చోటును నేడు కొంచెమే. ఆ కొంచెమును కాపాడుటకు గోడలు పెంచుట మార్గము కాదు. ఉన్నదానిని వాడిపోనీయక పెంచుట, దాని పరిమళమును పొరుగునకు పోనిచ్చుట, పొరుగువారి చెట్టును చూచి సంతోషించుట, ఇవియే చిన్న తోటను విశాలము చేయునవి.