లెక్క అడిగే దేవుడు

విగ్రహాలను కాదని ఒకే దేవుణ్ణి కొలవమన్న మతం అని ఇస్లాంను పరిచయం చేసి ఊరుకోవడం మనకు అలవాటు. అది సగం నిజమే. 610 ప్రాంతంలో హిరా గుహలో ముహమ్మద్ ప్రవక్తకు తొలి సందేశం అందేనాటికే మక్కావాసులకు అల్లాహ్ తెలుసు. భూమ్యాకాశాలను సృష్టించిందెవరని అడిగితే వాళ్లు అల్లాహ్ పేరే చెబుతారని ఖుర్ఆన్ ఒకటికి రెండుసార్లు అంటుంది. లాత్, ఉజ్జా, మనాత్ వంటి దేవతలను ఆ పెద్ద దేవుడి దగ్గర తమ తరఫున సిఫారసు చేసేవారిగా కొలిచేవారు. మరి తమకు తెలిసిన దేవుడి పేరే చెబుతున్న మనిషి మీద మక్కాలోని ఖురైష్ తెగ పెద్దలకు అంత కోపం ఎందుకు? దేవుడు ఒక్కడా పదిమందా అన్నదాని కన్నా, ఆ దేవుడు చచ్చినవాళ్లను లేపి మరీ లెక్క అడుగుతాడన్న మాటే వాళ్లకు ఎక్కువ మింగుడుపడలేదని నాకనిపిస్తుంది. కుళ్లిన ఎముకలకు ప్రాణమెవరు పోస్తారని వాళ్లు ఎగతాళి చేసిన సంగతీ ఖుర్ఆన్‌లోనే ఉంది.

ఆ లెక్కలో ఏముంటుందో ఖుర్ఆన్‌లోని మక్కా కాలపు చిన్న సూరాలు (అధ్యాయాలు) చెబుతాయి. తీర్పుదినాన్ని అబద్ధమనేవాడెవడో మాఊన్ సూరా గుర్తుపట్టి చూపిస్తుంది: అనాథను గెంటేసేవాడు, పేదవాడికి అన్నం పెట్టమని ఎవరికీ చెప్పనివాడు. నలుగురూ చూడాలని నమాజు చేస్తూ చిన్నపాటి సాయానికి కూడా చేయి రానివాణ్ణీ అది వదలదు. ముతఫ్ఫిఫీన్ సూరా తూకం దగ్గర మొదలవుతుంది. తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్లకు మళ్లీ లేపబడతామన్న తలంపే లేదా అని అడుగుతుంది. తక్‌వీర్ సూరాలోనైతే సజీవంగా పూడ్చిన ఆడశిశువునే, ఏ పాపానికి నిన్ను చంపారని ప్రశ్నిస్తారు. ముందు తండ్రిని కాదు, బిడ్డను అడగడం గమనించాలి. లోకంలో నోరు లేనిదానికి అక్కడ నోరొస్తుంది. ఇస్లాం మూల విశ్వాసాల్లో మిగిలినవీ ఈ విచారణ చుట్టూ చేరేవే. దైవదూతల్లో కొందరు మనిషి చేసిందంతా రాసిపెడతారు. మాకెవరూ చెప్పలేదని ఎవరూ తప్పించుకోకుండా ప్రవక్తలూ గ్రంథాలూ వచ్చాయి.

అనాథల బాగే ముఖ్యమైతే దానికి ఒకే దేవుడు ఎందుకు, మంచి కట్టుబాటు చాలదా అనవచ్చు. ఆనాటి అరేబియాలో రక్షణ ఇచ్చేది వంశం. తండ్రి సోదరుడు అబూతాలిబ్ అండ ఉన్నంతకాలం ప్రవక్తను చంపడానికి శత్రువులు జంకారు. అదే విశ్వాసం ప్రకటించిన బానిస బిలాల్‌కు వెనక ఎవరూ లేరు. ఎర్రటి ఎండలో పడుకోబెట్టి ఛాతీ మీద బండ పెట్టారు; ప్రవక్త సహచరుడు అబూబక్ర్ కొని విడిపించేదాకా ఆ హింస ఆగలేదు. వంశం లేనివాడి తరఫున అడగాలంటే ఏ వంశానికీ చెందని న్యాయమూర్తి కావాలి. ఆయన అనుమతి లేనిదే ఎవరి సిఫారసూ చెల్లకూడదు. దేవుడు ఒక్కడేనన్న తౌహీద్‌లోని పదును ఇదే. దేవుడి ముందు నిన్ను నేను కాపాడలేనని ప్రవక్త తన కూతురు ఫాతిమాకే చెప్పినట్టు హదీసులున్నాయి.

తూకం మాటకు ఒక అభ్యంతరం ఉంది: మక్కా అంత గొప్ప వ్యాపార కేంద్రమేమీ కాదనీ, అక్కడి సరుకు సుగంధద్రవ్యాలు కాదు, తోళ్ల వంటి మామూలు వస్తువులేననీ 1987లో చరిత్రకారిణి పట్రీషియా క్రోన్ వాదించారు. కావచ్చు. తప్పుడు తూకానికి సుగంధద్రవ్యాలే కావాలా? తోళ్లయినా చాలు. బానిసత్వం మాటేమిటన్న ఆక్షేపణ మాత్రం ఇంతకన్నా గట్టిది. బానిసను విడిపించడాన్ని ఖుర్ఆన్ గొప్ప పుణ్యమంది, కొన్ని తప్పులకు పరిహారంగానూ విధించింది, కానీ ఆ వ్యవస్థను రద్దు చేయలేదు. తీర్పు ఎంత సూటిగా ఉన్నా ఆచరణ తన కాలపు హద్దుల్లోనే నడిచిందని ఒప్పుకోవాల్సిందే.

అయినా తొలితరం ముస్లింలు దైవవిశ్వాసాన్నీ పేదల హక్కునూ విడదీసి చూడలేదనడానికి ఒక సాక్ష్యం ఉంది. 632లో ప్రవక్త మరణించగానే, నమాజు చేస్తాం గానీ పేదల కోసం తప్పనిసరిగా ఇవ్వాల్సిన జకాత్ మాత్రం చెల్లించబోమని కొన్ని తెగలు తిరగబడ్డాయి. విశ్వాస వాక్యమైన కలిమా చదివినవాళ్లతో యుద్ధమేమిటని ప్రవక్త సహచరుడు ఉమర్ అంతటివాడే సందేహించాడు. నమాజుకూ జకాత్‌కూ తేడా చూపేవాళ్లతో పోరాడి తీరతానన్నాడు తొలి ఖలీఫా అబూబక్ర్. కొత్త రాజ్యాన్ని నిలబెట్టుకోవాలన్న అవసరమూ అందులో ఉంది, కాదనలేం. కానీ ఆయన ఎంచుకున్న వాదన మాత్రం రాజ్యం గురించి కాదు. జకాత్ సంపద మీద ఉన్న హక్కు అన్నది. ఉమర్ ఒప్పుకున్నదీ ఆ వాదనకే.