దాంతోని ఏం కొలువొస్తది?

ఉప్పునుంతలలో ఇంటర్ అయిన పిల్ల డిగ్రీలో తత్వశాస్త్రం తీసుకుంటానని, అందులోనూ నీతిశాస్త్రం మీద మనసుందని చెబితే, నాయన నోట మొదట వచ్చే మాట: "దాంతోని ఏం కొలువొస్తది బిడ్డా?" అప్పు తెచ్చి చదివించేవాడు అడగక తప్పని మాట అది. దాన్ని చిన్నచూపు చూడకూడదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా ఈ చదువును కోరి ఎంచుకోలేదు. డబ్బుకు ఇబ్బందిగా ఉన్న రోజుల్లో, డిగ్రీ ముగించిన బంధువు ఒకరు తన తత్వశాస్త్ర పుస్తకాలు ఇచ్చేశాడు. ఆ పుస్తకాలే దారి చూపాయి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో మాత్రం ఒక విమర్శ ఆయనను గట్టిగా తాకింది: జగత్తు మాయ అయితే మంచి చేయడమెందుకు, వేదాంతంలో నీతికి చోటెక్కడ? జవాబుగా తన ఎంఏ వ్యాసం వేదాంత నీతి మీదే రాశాడు. అది 1908లో అచ్చయ్యేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో దక్కిన ఆచార్య పీఠం పేరులోనూ నీతిశాస్త్రం ఉంది.

గుచ్చుకునే ప్రశ్న ఒకటి దొరకడమే ఆయన అదృష్టం. ఉప్పునుంతల పిల్లకు అలాంటిది దగ్గర్లోనే ఉంది. అచ్చంపేట దాటితే నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు ప్రతిపాదన వచ్చినప్పుడు చెంచులు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎదురు తిరిగారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. కోట్లమందికి కరెంటు వస్తుందంటే కొన్ని పెంటల (చెంచు గూడేల) జనం అడవి విడిచిపోవాలా? ఉపయోగితావాది మిల్ చెప్పిన లెక్కలో వచ్చే మేలును, పడే బాధను రెండింటినీ తూచాలి. మనిషిని కేవలం పనిముట్టుగా వాడుకోరాదని తత్వవేత్త కాంట్ అడ్డుపడతాడు. శాతవాహన రాజుకు బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు రాశాడని చెప్పే 'రత్నావళి' పాలించేవాడి కరుణను అడుగుతుంది. పులికీ చెట్టుకూ ఈ వాదంలో చోటుందా అన్నది మరో చిక్కు.

అందుకే ఈ చదువుకు ముందు తర్కం కావాలి, తర్వాత సంస్కృతమో పాళీయో ఒక పాత భాష. బీఏలో తత్వశాస్త్రం ఉన్న కాలేజీలు తక్కువ కాబట్టి డిగ్రీ ప్రవేశాల 'దోస్త్'లో ఆప్షన్లు పెట్టే ముందే వెతుక్కోవాలి. దొరక్కపోతే రాజనీతిశాస్త్రమో చరిత్రో తీసుకుని, ఎంఏకు ఉస్మానియాకో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో వెళ్లొచ్చు.

నాయనకు జవాబూ ఉంది: పాఠం చెప్పే కొలువు, లాయరు పని, సివిల్స్. ఆ మెయిన్స్‌లో 2013 నుంచి నీతిశాస్త్రానికి 250 మార్కుల పేపరుంది. ఆ మార్కుల కోసమే చదివితే మాత్రం చెంచు పెంట ప్రశ్న మూడు పేరాల జవాబుగా కుదించుకుపోతుంది. మూడేళ్ల డిగ్రీలో దాని మీద కనీసం ఒక వ్యాసమైనా, మన్ననూరు వైపు వెళ్లి అక్కడివాళ్లను అడిగి, ఆమె తెలుగులో రాయాలి.