గురువును శిష్యుడును ఒకే వరుసలో

ధ్యానభాగము: 1 దినవృత్తాంతములు 25:1–8



దావీదు రాజు ఆలయసేవకు గాయకులను ఏర్పరచిన సంగతి ఈ అధ్యాయములో చదువుచున్నాము. ఆసాపు, హేమాను, యెదూతూను అనువారి వంశములలో పాటలయందు ప్రవీణులు 288 మంది. వారు 24 వరుసలుగా, వరుసకు 12 మంది చొప్పున ఏర్పడిరి. వంతులకై చీట్లు వేసినప్పుడు పిన్న పెద్ద అనిగాని, గురువు శిష్యుడు అనిగాని భేదము చూడలేదని 8వ వచనము తెలుపుచున్నది. పాట దేవుని వరమే. అయినను ఒకరు ఓపికతో నేర్పినప్పుడే అది మరియొకరి నోటికి వచ్చును.

ఇప్పుడు మన గూడెం కొత్తవీధి కొండలవైపు చూతము. 6 నుండి 8 తరగతుల బడిలో నూరుమందికి మించి పిల్లలున్నచో కళావిద్యకు పార్ట్‌టైము బోధకుడు ఉండవలెనని 2009 విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఇరువదిమంది పిల్లలున్న గూడెపు బడికి ఆ లెక్క అందదు. ఒకరిద్దరు ఉపాధ్యాయులే అన్ని తరగతులు చూచుకొనుచోట పాటకు గంట ఎక్కడిది? అది వారి దోషము కాదు. ఇష్టపూర్వకముగా తోడ్పడువారు ప్రభుత్వ బడులలో సేవచేయుటకు కేంద్ర ప్రభుత్వపు విద్యాంజలి పథకము కూడ త్రోవ చూపుచున్నది.

మనయొద్ద ఏమున్నది? మన కీర్తనల పుస్తకములో పాటపైన రాగము, తాళము ముద్రింపబడియుండును. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైన భక్తులు ఈ దేశపు రాగతాళములలోనే కీర్తనలు కట్టిరి. కాబట్టి ఆదితాళమునకు ఎనిమిది లెక్కలు, ఒక దెబ్బ, మూడు వ్రేళ్లు, మరల దెబ్బ విసురు, దెబ్బ విసురు అని మనలో అనేకులకు చేతికి అలవాటే. దానిని పిల్లలకు నేర్పుటకు హార్మోనియమైనను అక్కరలేదు. రెండు చేతులు చాలును.

అయితే ఒక మాట గట్టిగా చెప్పుచున్నాము. బడికి పోవువారు పాటను ఎరగా పట్టుకొని పోరాదు. పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు విద్యాలయములో మతబోధ కూడదని రాజ్యాంగపు 28వ అధికరణము చెప్పుచున్నది. చట్టము అట్లుండనిండు, తల్లిదండ్రుల ఎరుక లేకుండ పొరుగువాని బిడ్డ నోట మన కీర్తన పెట్టుట ప్రేమ అగునా? మన బిడ్డకు ఇతరులు అట్లు చేసిన ఒప్పుకొందుమా? మత్తయి 7:12లో ప్రభువు ఇచ్చిన కొలత ఇదే. కీర్తన లేనిచో అది ప్రభువు సేవ ఎట్లగునని కొందరు అడుగుదురు. సమరయుడు గాయములు కట్టునప్పుడు ఆ మనుష్యుని మతమేదని అడుగలేదు. గాయము కట్టుటయే సేవ. అట్లే పిల్లవానికి తాళము నేర్పుటయే సేవ.

మరియు నేర్పబోవువారు నేర్చుకొనుటకును సిద్ధపడవలెను. థింసా ఆటకు తుడుము, డప్పు, మోరి వాయించు పెద్దలు ఈ కొండలలో ఉన్నారు. ఆ వాద్యములను చూచి సిగ్గుపడు విశ్వాసులును కలరు. 150వ కీర్తన బూరను, తంబురను, తంతివాద్యములను, పిల్లనగ్రోవిని, తాళములను అన్నిటిని స్తుతికి పిలుచుచున్నది గదా! తోలుకును కొయ్యకును పాపము లేదు. ఆ పెద్దలను బడికి పిలిపించి పిల్లలయెదుట కూర్చుండబెట్టుడి. అక్కడ మన గాయకుడే శిష్యుడగును. దావీదు నాటి చీట్ల భావము ఇదే.

పోవువారు మొదట ప్రధానోపాధ్యాయుని అనుమతి అడుగవలెను. వారమునకు ఒక గంట చాలును. ఇద్దరిద్దరుగా పోవుడి. పిల్లలయొద్ద ఏమియు పుచ్చుకొనకుడి. వానయైనను, కాఫీ పండ్ల కోతయైనను, ఒప్పుకొన్న దినము తప్పకుడి. మాట ఇచ్చి రానివానికొరకు బడివాకిట కనిపెట్టుకొనియున్న పిల్లవాడు పాటకంటె ముందు అబద్ధమును నేర్చుకొనును.

చిన్నవారిని చేరదీసిన ప్రభువు మన నోటికి పాటను, మన కాళ్లకు నమ్మకమును అనుగ్రహించునుగాక. ఆమేన్.