లెక్క చూపండి, ముఖం చూపొద్దు

కార్తికమాసం వచ్చిందంటే దీపదానాలు, వస్త్రదానాలు, అన్నదానాలతో పాటు వీధి మలుపుల్లో ఫ్లెక్సీలూ లేస్తాయి. ఆసుపత్రి మంచం చుట్టూ పదిమంది చేరి, ఒక్క అరటిపండు మీద నాలుగు చేతులు వేసి కెమెరా వైపు చూస్తుంటారు. పండు పుచ్చుకునే రోగి ఒక్కడే తల దించుకుని ఉంటాడు. పేదవాడు నారాయణ స్వరూపమని చెప్పేదీ మనమే. వామనుడై చేయి చాచింది సాక్షాత్తు విష్ణువేనని శుక్రుడు హెచ్చరించాక కూడా బలి ఇచ్చిన మాట తప్పని కథ ఇంటింటా తెలిసిందే. పుచ్చుకునేవాడు దేవుడే అయితే, ఆయన దైన్యాన్ని ఫొటో తీసి ఊరంతా కట్టడం ఏ పూజావిధానం? తైత్తిరీయోపనిషత్తులో గురువు, చదువు ముగించిన శిష్యుడికి దానం గురించి బోధిస్తూ శ్రద్ధతో ఇవ్వమన్నాడు, సిగ్గుతో ఇవ్వమన్నాడు, భయంతో ఇవ్వమన్నాడు, తెలిసి ఇవ్వమన్నాడు. ఆ సిగ్గు ఇచ్చేవాడికి ఉండవలసింది. మనం దాన్ని పుచ్చుకునేవాడి నెత్తిన పెట్టాం.

ఇచ్చేవాడే సిగ్గుపడుతూ ఇవ్వడం ఆచరణకు అందని ఆదర్శమేమీ కాదు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా వండి పెట్టింది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి నుంచి పిలుపు వచ్చినా ఆమె వెళ్లలేదని, ఫొటో తీయించుకోవడానికి కూడా అధికారులు బతిమాలితేనే ఒప్పుకుందని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. ప్రచారం ఎరగని ఆ ఇల్లాలి పేరే ఇవాళ ఆంధ్రప్రదేశ్‌ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఉంది. ఇక సంస్థల సంగతి. 1976లో మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి పదకొండు పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రిలో డబ్బు కట్టగలవారు కడతారు, కట్టలేనివారు ఉచితంగా చూపించుకుంటారు. ఎటు వెళ్లాలో రోగే నిర్ణయించుకుంటాడు, పేదరికానికి రుజువు తెమ్మని ఎవరూ అడగరు. 1990ల మధ్యలో సత్యసాయి సంస్థ అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు తాగునీరు అందించింది. కుళాయి దగ్గర బిందె పెట్టే మనిషి ఎవరికీ దండం పెట్టనక్కర్లేదు. సాయం ఇలా ఒక ఏర్పాటుగా మారితే పుచ్చుకునేవాడు తల వంచవలసిన పని ఉండదు. ఉపనిషత్తు తెలిసి ఇవ్వమన్నది ఇలాంటి ఎరుకతోనే అనుకుంటాను.

ఫొటో చూపకపోతే విరాళాలు రావని, నలుగురు చూస్తేనే నలుగురికి బుద్ధి పుడుతుందని సేవాసంస్థల వారు అంటారు. చాటుగా ఇమ్మంటే చాటుగా తినేవాళ్లు తయారవుతారని ఇంకొందరు అంటారు. రెండూ కొట్టిపారేయదగిన మాటలు కావు. అందుకే లెక్కలు దాచమని నేననడం లేదు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు లాభాల సగటులో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుచేయాలని చెప్పి, దాని వివరాలు వెల్లడించమంది. అది న్యాయం. ఎన్ని రూపాయలు వచ్చాయో, ఎన్ని ఆపరేషన్లు జరిగాయో, జీతాలకు ఎంత పోయిందో గోడ మీద రాయండి. కట్టిన బడి, తవ్విన బావి ఫొటోలు వేయండి. దాత పేరు శిలాఫలకం మీద చెక్కించినా అది అతని కీర్తికాంక్షతోనే పోతుంది, మరొకరి పరువు తీయదు. నిజానికి లెక్క చూపలేని చోటే కన్నీళ్ల ఫొటోలు ఎక్కువ. దాత మనసు కరిగాక రసీదు ఎవరడుగుతారు?

వాళ్లను అడిగే తీశామండీ అనేది చివరి సమాధానం. బియ్యం సంచి ఇంకా మీ చేతిలోనే ఉండగా అడిగారు. కాదంటే ఆ పూట పొయ్యి వెలగదేమోనని భయపడే మనిషి ఏమంటాడు? అది అంగీకారం కాదు, గత్యంతరం లేకపోవడం. అసలు దానానికి చూసేవాళ్లే అక్కర్లేదు. మహాభారతంలో ధర్మరాజు అశ్వమేధం ఒక పేద కుటుంబం చేసిన దానానికి సాటిరాదని ముంగిస ఈసడించిన కథ తెలుసు కదా. కరువులో దొరికిన పిడికెడు పేలపిండిని, ఆకలితో ఉన్న కుటుంబమంతా ఎవరి వాటా వారు అతిథికి ఇచ్చేశారు. ఆ ఇంట్లో చూసి మెచ్చుకునే జనం లేరు. ఈ కార్తికంలో అన్నదానానికి చందా వసూలు చేసే కమిటీలు షామియానా మాట్లాడినప్పుడే ఒక తీర్మానం చేసుకోవాలి: పంక్తి దగ్గరకు కెమెరా రాకూడదు. అప్పుడు వడ్డనకు ఎంతమంది ముందుకొస్తారో చూస్తే మన భక్తి ఎంతో మనకే తెలుస్తుంది.